నైజాం, సీడెడ్, ఆంధ్ర: మూడు ఏరియాల లెక్కలూ కోఠి బంగ్లాలోనే

సినిమా రిలీజైన మర్నాడు కలెక్షన్ల పోస్టర్లు తిరుగుతాయి కదా, నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఆంధ్ర ఇంత అని. మాది ప్రొద్దుటూరు, అంటే పక్కా సీడెడ్. చిన్నప్పుడు నేను ఆ మాట సీడ్స్ నుంచి వచ్చింది అనుకునేవాణ్ణి, మా వైపు వేరుశనగ ఎక్కువ కాబట్టి విత్తనాల ఏరియా అని పేరు పెట్టారేమో అని, ఇంటర్ దాకా ఎవరూ సరిచెయ్యలేదు కూడా. ఒక ఒప్పందం కాగితం మీద రాసిచ్చేసిన జిల్లాలు కాబట్టి సీడెడ్ అని తర్వాత తెలిసింది. ఆ కాగితం మీద ఇంగ్లీషోళ్ళ తరఫున సంతకం పెట్టినాయనే హైదరాబాద్ కోఠిలో ఉమెన్స్ కాలేజీ అని మనం పిలుచుకునే ఆ తెల్ల స్తంభాల బంగ్లా, అదే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, కట్టించుకున్నాడని మాత్రం మొన్నీమధ్య ఒక ఆదివారం పొద్దున్న ఆ బంగ్లాలోనే కూర్చుని ఒక టాక్ వింటుంటే బుర్రలో వెలిగింది.

ఆ బంగ్లా మీద టాకులు, హెరిటేజ్ వాకులు ఈమధ్య బాగా జరుగుతున్నాయి. మంచిదే. నేను వెళ్ళిన టాక్‌లో దర్బార్ హాల్లో ఎకో ఎంతుందంటే మైక్ ఆపేసి మాట్లాడితేనే కాస్త అర్థమైంది. మాట్లాడినాయనకి విషయం బాగా తెలుసు, అందులో అనుమానం లేదు, గానీ గంటన్నరలో గంటపైన ప్రేమకథే నడిచింది. ఇంగ్లీష్ దొర, నవాబుల ఇంటి అమ్మాయి, పరదా, వియోగం, చిన్న పిల్లల్ని ఓడెక్కించడం. ఆయన తప్పేం లేదు, జనం అదే అడుగుతున్నారు, 2000ల్లో దాని మీద ఒక ఇంగ్లీష్ పుస్తకం బాగా అమ్ముడుపోయాక ఈ బంగ్లా అంటే అదే కథ అయిపోయింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం చివర్లో లేచి ఒక్కటే అడిగాడు, "ఇంతకీ దీనికి డబ్బులెవరిచ్చారు సార్?" అని. "నిజాం ఇచ్చారండీ" అన్నాడాయన, ఆ పైన టైమైపోయింది. నాకైతే అసలు టాక్ అక్కడ మొదలవ్వాల్సింది అనిపించింది. తన రాజ్యాన్ని ముక్కలుగా తీసుకుపోతున్న మనిషికి ఒక రాజు తన సొంత డబ్బుతో అంత ఇల్లు ఎందుకు కట్టిస్తాడు? ఈ ముడి విప్పితే ప్రేమకథతో సహా మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

ముందు రెసిడెంట్ అంటే ఎవరో చూద్దాం. కలెక్టర్ కాదు, గవర్నర్ కాదు. ఈస్ట్ ఇండియా కంపెనీ ఒక రాజు దగ్గర పెట్టిన రాయబారి, అంతే, కాగితం మీద. హైదరాబాద్‌కి మొదటి రెసిడెంట్ 1779లో వచ్చాడు. మొదట్లో అతని పని కబుర్లు మోయడం, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆరా తియ్యడం, దర్బారులో దండం పెట్టి నిలబడటం. ఒక ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి దివాన్‌గా ఎవరుండాలో కూడా అతన్ని అడగకుండా తేలని పరిస్థితి వచ్చింది. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే ఒక యుద్ధం, ఒక ఫ్రెంచాయన కావాలి.

యుద్ధం 1795లో ఖర్డా దగ్గర. నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయాడు. ఇంగ్లీషోళ్ళు సాయం చేస్తారనుకుంటే మాకెందుకులే అని పక్కకి తప్పుకున్నారు. దాంతో నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్ చేతికింద ఉన్న సైన్యాన్ని బాగా పెంచాడు, 14,000 దాకా అయ్యారు. ఈ ముస్యే రేమండ్ పేరే మన నోట్లో నలిగి మూసారాంబాగ్ అయింది, మెట్రోలో రోజూ అనౌన్స్ చేస్తుంటారు, రాముడో మూసీనో అనుకుంటాం గానీ ఆయనే. గన్‌ఫౌండ్రీ కూడా ఆయన ఫిరంగులు పోతపోసిన చోటే. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 1న కంపెనీ నిజాంతో ఒప్పందం రాయించుకుంది, ఫ్రెంచోళ్ళని పంపించెయ్, బదులుగా మా ఆరు బెటాలియన్లు నీ దగ్గరుంటాయి, వాటి ఖర్చు నువ్వు పెట్టుకో, ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు. అక్టోబర్‌లో ఆ 14,000 మంది దగ్గర ఆయుధాలు పెట్టించేశారు, పెద్దగా రక్తం చిందకుండానే. అదంతా దగ్గరుండి నడిపించింది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, అప్పటికి కొత్త రెసిడెంట్, అతనికి ముందు ఆ పనిలో ఉన్నది అతని అన్నే.

దీన్నే సైన్య సహకార పద్ధతి అని పదో క్లాసులో బట్టీ పట్టాం. సింపుల్‌గా చెప్పాలంటే మన వీధిలో ఒకాయన మీ ఇంటికి కాపలా కుక్కని నేనిస్తా అంటాడు, దాని తిండి మీరు పెట్టాలి, అది మాత్రం ఆయన మాటే వింటుంది, ఇంకో కుక్కని మీరు పెంచుకోకూడదు, పక్కింటివాళ్ళతో ఆయన్ని అడక్కుండా మాట్లాడకూడదు. తిండి ఖర్చు ఆలస్యమైతే అప్పుడు ఇంటి వెనక స్థలం రాసియ్యాలి.

ఆ వెనక స్థలమే మేము. 1800 అక్టోబర్‌లో ఇంకో ఒప్పందం జరిగింది, సైన్యం ఇంకొంచెం పెరిగింది, డబ్బు ఏటా కట్టే బదులు భూమే ఇచ్చెయ్ అన్నారు. టిప్పు సుల్తాన్ మీద 1792లో, 1799లో జరిగిన యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిన జిల్లాలు ఉన్నాయి కదా, బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత, వాటినే తిరిగి కంపెనీకి అప్పజెప్పేశాడు. అంటే ఒక చేత్తో తీసుకున్నది ఇంకో చేత్తో ఇచ్చేశాడు, మధ్యలో కాపలా ఖర్చు కింద చెల్లయిపోయింది. ఆ కాగితం మీద సంతకం కిర్క్‌పాట్రిక్‌ది. తర్వాత థామస్ మన్రో మా వైపు కలెక్టర్‌గా వచ్చాడు, మన్రోలయ్య అని పిల్లలకి పేర్లు పెట్టుకునేంత పేరు తెచ్చుకున్నాడు, అది వేరే కథ. దత్త మండలాలు అన్నారు మమ్మల్ని, దత్తత ఇచ్చినట్టు. 1928లో నంద్యాల సభలో ఆ పేరు బాగోలేదని రాయలసీమ అని మార్చుకున్నారు. సినిమా డిస్ట్రిబ్యూటర్లకి మాత్రం ఆ తీర్మానం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, ఇప్పటికీ సీడెడే.

ఇప్పుడు బంగ్లా దగ్గరికి వద్దాం. ఈ రెండు ఒప్పందాల తర్వాత కిర్క్‌పాట్రిక్ దర్బారులో మామూలు రాయబారి కాదు. నిజాం అతనికి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. అతను ఫార్సీ, హిందుస్తానీ బాగా మాట్లాడేవాడు, ఇంట్లో మొగలాయి బట్టలు వేసుకునేవాడు, హుక్కా తాగేవాడు. మూసీకి ఉత్తరాన, పాత నగరానికి అవతలి ఒడ్డున, తోటలో ఉన్న పాత రెసిడెన్సీ ఇళ్ళు చాలడం లేదని కొత్తది కట్టాలనుకున్నాడు. ఇక్కడ ప్రతి టాక్‌లోనూ చెప్పే పిట్టకథ ఒకటుంది, బాగుంటుంది కాబట్టి నేనూ చెప్తా. స్థలం కావాలని పెద్ద కాగితం మీద ప్లాను గీయించి నిజాం ముందు పరిస్తే ముసలాయన వెంటనే కుదరదన్నాడట. మీర్ ఆలం, దర్బారులో పెద్దమనిషి, అదే మీరాలం చెరువు పేరులో ఉన్నాయన, సలహా ఇచ్చాడట, అదే ప్లానుని చిన్న చీటీ మీద గీయించుకుని మళ్ళీ వెళ్ళు అని. చిన్న చీటీ చూసి నిజాం నవ్వుతూ ఒప్పుకున్నాడట, మొదటిసారి తన రాజ్యం అంత పెద్దగా గీసుకొచ్చేసరికి భయమేసిందని. నిజంగా జరిగిందో లేదో గానీ ఇది తమాషా కథగా చెప్పుకునేది ఇంగ్లీషోళ్ళు, వాళ్ళకి నవ్వొచ్చింది రాజుగారి అమాయకత్వం చూసి. మా పక్కన చదివితే ఇదే కథ ఇంకోలా ఉంటుంది. రెండేళ్ళ ముందే మ్యాపు మీద గీతలు గీసి నాలుగు జిల్లాలు తీసుకుపోయిన మనిషి మళ్ళీ పెద్ద కాగితంతో వస్తే ఏ రాజుకైనా గుండె గుభేలుమంటుంది, అందులో నవ్వడానికేముంది.

డబ్బు మాట. నిజాం ఇచ్చాడు అంటే ప్రేమగా కానుక ఇచ్చాడని కాదు, అట్లని మెడ మీద కత్తి పెట్టి లాక్కున్నారనీ కాదు. అప్పటి దర్బారు మర్యాదలో వచ్చిన రాయబారికి బస చూపించడం, ఖర్చు చూసుకోవడం రాజు గొప్పతనానికి గుర్తు. అతిథి ఇల్లు ఎంత బాగుంటే ఆతిథ్యం ఇచ్చినవాడు అంత గొప్ప. ఆ లెక్కలో చూస్తే తన డబ్బుతో కట్టించిన ఇల్లు కాబట్టి అందులో ఉండేవాడు తన అతిథే, తన కింద లెక్కే అని నిజాం వైపు చదువుకున్నారు. కంపెనీ వైపు మాత్రం అదే ఇంటిని, చూడండి మా రెసిడెంట్‌కి రాజే కట్టించాడు, అంత పవర్ మాది, అని చదువుకున్నారు. ఒకే బిల్లు, రెండు అర్థాలు. నిజాం అలీఖాన్ 1803 ఆగస్టులో పోయాడు, బంగ్లా పని నడిచింది ఎక్కువగా ఆయన కొడుకు సికందర్ జా కాలంలో.

గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్, లండన్‌లో పేరున్న చిత్రకారుడి కొడుకు. పని 1803 ప్రాంతంలో మొదలైంది. శైలి పల్లాడియన్ అంటారు, 16వ శతాబ్దంలో ఇటలీలో పల్లాడియో అనే ఆయన పాత రోమన్ గుళ్ళ ముఖాన్ని తెచ్చి ఇళ్ళకి తగిలించాడు, ముందు ఎత్తు స్తంభాలు, పైన త్రికోణం, అటూ ఇటూ అద్దంలో చూసినట్టు సమానం. ఇంగ్లండ్ జమీందార్లు దాన్ని ఎగబడి కాపీ కొట్టారు. అమెరికాలో వైట్ హౌస్ కూడా దాదాపు ఆ కాలం మాటే, అందుకే మన బంగ్లా ఫోటో చూసి వైట్ హౌస్ లాగుంది అంటారు, ఒకదాన్ని చూసి ఒకటి కట్టలేదు, ఇద్దరూ ఒకే కుటుంబం పిల్లలు, అంతే. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ తన కోసం ప్యాలెస్ లాంటి గవర్నమెంట్ హౌస్ కట్టించుకున్నది కూడా ఆ రోజుల్లోనే, 1803కి అయింది, దానికి కంపెనీ డబ్బు తగలేశాడని లండన్‌లో డైరెక్టర్లు మండిపడ్డారు. హైదరాబాద్‌లో ఆ తలనొప్పి లేదు, బిల్లు వేరేవాళ్ళది.

బంగ్లా ముందు నిలబడి చూస్తే మెట్లకి రెండు పక్కలా రెండు సింహాలు, ఆరు కొరింథియన్ స్తంభాలు, అంటే తల మీద ఆకుల నగిషీ ఉన్నవి, ఒక్కోటి 40 అడుగుల దాకా, పైన త్రికోణంలో కంపెనీ రాజముద్ర. నిజాం డబ్బుతో కట్టిన ఇంటి నుదుటి మీద నిజాం గుర్తు కాదు, గమనించండి. లోపలికి వెళ్తే దర్బార్ హాల్, బాగా ఎత్తు, చుట్టూ స్తంభాలు, మీద గ్యాలరీ. వెనకగా రెండు పాయలుగా చీలి ఎక్కే మెట్లు, పైనుంచి వెలుగు పడుతుంటుంది. నాకు ఆ మెట్లే బాగా నచ్చాయి, హాల్ కంటే కూడా.

ఇంకో విషయం ఎక్కువమంది అడగరు. ఈ ఇంటి ముఖం ఉత్తరానికి. చార్మినార్, దర్బారు, నగరం అంతా దక్షిణాన మూసీ అవతల ఉంటే ఇల్లు నగరానికి వీపు చూపించి నిలబడింది. దీనికి పెద్ద రాజకీయ అర్థం తీసేవాళ్ళున్నారు. నాకు సగమే నమ్మకం. హైదరాబాద్ ఎండలో ఉత్తరం వైపు వరండా ఏడాదిలో చాలా రోజులు నీడలో ఉంటుంది, మూసీ వైపు గదులకి గాలి వస్తుంది, నది కనిపిస్తుంది, ఏ మేస్త్రీనడిగినా అలాగే కట్టమంటాడు. కాకపోతే ఫలితం మాత్రం అదే, నగరం నుంచి నది దాటి వచ్చేవాడికి ముందు కనపడేది ఇంటి వెనక భాగం. అసలు నది దాటడం కూడా అంత ఈజీ కాదు, అప్పట్లో మూసీ మీద ఉన్నది 1578 నాటి పురానాపూల్ ఒక్కటే, చాదర్‌ఘాట్ దగ్గర వంతెన 1831లో గానీ రాలేదు.

ఇక రాయి మాట. టాకుల్లో పాలరాయి స్తంభాలు అని అలవాటుగా అనేస్తుంటారు. కాదు. లోపల ఇటుక, పైన సున్నం. సున్నపురాయి కాల్చి, నీళ్ళు చల్లి విరగదీసి, ఇసక కలిపి ఎద్దులు తిప్పే రాతి గానుగలో గంటలకొద్దీ నలిపితే వచ్చేది గానుగ సున్నం, మా ఊళ్ళో పాత మిద్దెలన్నీ దాంతోనే. అందులో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళు పట్టు రావడానికి. పై పూతకి మాత్రం మెత్తటి సున్నం, మద్రాసు వైపు సముద్రపు గవ్వలు కాల్చి చేసిన సున్నానికి పేరెక్కువ, దాన్ని పల్చగా పూసి నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దితే పాలరాయిలా మెరుస్తుంది, చెయ్యి పెడితే చల్లగా తగుల్తుంది. ఇంగ్లీష్ డ్రాయింగు మీద ఇటలీ స్తంభం ఉంటే దాన్ని నిలబెట్టింది మన సున్నం పనోళ్ళ చెయ్యి, ఆకుల నగిషీతో సహా. టాకుల్లో రస్సెల్ పేరు పదిసార్లు వస్తే వీళ్ళ పని ఒక్కసారైనా రావాలని నా గోల.

ఈ సున్నం సంగతి తెలిస్తేనే రిపేర్లు ఎందుకు అన్నేళ్ళు పట్టాయో అర్థమవుతుంది. సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది, వానకి తడిసి ఎండకి ఆరుతుంది. దాని మీద సిమెంట్ పూస్తే తడి లోపలే ఉండిపోయి గోడ ఉబ్బి పెచ్చులు ఊడుతుంది, మనం చాలా గుళ్ళకి చేసిన నిర్వాకం ఇదే. పైకప్పు కారితే దూలాలు పుచ్చిపోతాయి. 2000ల మొదట్లో ఈ బంగ్లా వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళ ప్రమాదంలో ఉన్న కట్టడాల లిస్టుకెక్కింది, అప్పటికి కొన్ని గదుల్లోకి పిల్లల్ని పోనిచ్చేవాళ్ళు కాదు కూలుతాయని. పాత పద్ధతిలో సున్నంతోనే మళ్ళీ చేసుకొచ్చి 2023లో జనానికి చూపించారు.

ప్రేమకథ దాటేస్తున్నానని కోప్పడకండి, వస్తున్నా. ఖైరున్నిసా, నిజాం దగ్గర ఇంగ్లీష్ సైన్యానికి జీతాల లెక్కలు చూసే బఖ్షీ బాఖర్ అలీఖాన్ మనవరాలు, మీర్ ఆలంకి చుట్టం. అంటే రెసిడెంట్‌కి ఎదురుపడిన అమ్మాయి ఏదో దారిన పోయే అమ్మాయి కాదు, దర్బారులో ఇంగ్లీష్ పార్టీ అనదగిన కుటుంబానికి చెందింది. ఆమె తల్లి షరఫున్నిసా, అమ్మమ్మ ఈ సంబంధానికి ఒప్పుకున్నారు, కిర్క్‌పాట్రిక్ మతం మార్చుకుని నిఖా చేసుకున్నాడు. కలకత్తాలో వెల్లస్లీకి తెలిసి విచారణ పెట్టించాడు, ఉద్యోగం ఊడేదాకా వచ్చి ఆగింది. కట్టడంలో దీని జాడ రంగ్ మహల్, ఆమె కోసం బంగ్లా వెనక వేరుగా కట్టించిన జనానా, అంటే ఆడవాళ్ళు ఉండే ఇల్లు. అంటే ఒకే కాంపౌండులో రెండు ఇళ్ళు, రెండు పద్ధతులు. ముందున్నది ఇంగ్లీష్ ఇల్లు, పగలు ఆఫీసు. వెనకున్నది హైదరాబాదీ మహల్, పరదాతో, ఫౌంటెన్లతో. తోటలో ఉన్న బంగ్లా బుల్లి నమూనా చూపించి, పరదాలో ఉన్న ఆమె ముందు వైపు ఎప్పుడూ చూడలేదు కాబట్టి చూపించడానికి చేయించాడని చెప్తారు. నమ్మాలనిపించే కథ. నేను మాత్రం దాన్ని కథగానే ఉంచుతా.

1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ పంపించేశారు, అబ్బాయికి సాహెబ్ ఆలం పోయి విలియం, అమ్మాయికి సాహెబ్ బేగం పోయి కిట్టీ. ఓడెక్కే ముందు మద్రాసులో చిన్నెరీ అనే చిత్రకారుడు ఇద్దరికీ బొమ్మ వేశాడు, హైదరాబాదీ జరీ బట్టల్లో ఉన్నారు అందులో, అవే ఆఖరి హైదరాబాదీ బట్టలు. కిర్క్‌పాట్రిక్ అదే ఏడాది అక్టోబర్‌లో కలకత్తాలో చనిపోయాడు. అంటే తను అంత పట్టుబట్టి కట్టించుకున్న ఇంట్లో తీరిగ్గా ఉన్నదే లేదు. ఖైరున్నిసా అతని సమాధి చూడటానికి కలకత్తా వెళ్ళింది, అక్కడ కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్‌కి (బంగ్లా గీసిన రస్సెల్ కాదు, వేరే ఆయన) దగ్గరైంది, మీర్ ఆలం ఆమెని మళ్ళీ హైదరాబాద్ రానివ్వలేదు, మచిలీపట్నంలో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఉండిపోయింది, రస్సెల్ ఇంకొకామెని పెళ్ళి చేసుకున్నాడు. 1813లో రంగ్ మహల్‌కి తిరిగొచ్చి అక్కడే పోయింది, 27 ఏళ్ళు. మచిలీపట్నం ముక్క టాకుల్లో చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు, ప్రేమకథకి అది బాగా కుదరదు మరి. షరఫున్నిసా మాత్రం కూతురి తర్వాత 30 ఏళ్ళకి పైగా బతికింది, చివరి రోజుల్లో ఇంగ్లండ్‌లో ఉన్న కిట్టీకి ఫార్సీలో ఉత్తరాలు రాయించింది, మనవరాలు ఇంగ్లీషులో జవాబు రాసింది, మధ్యలో తర్జుమా చేసేవాళ్ళు. రంగ్ మహల్‌ని 1860ల్లో అప్పటి రెసిడెంట్ పడగొట్టించేశాడు. అప్పటికి దొరలకి ఇలాంటి పెళ్ళిళ్ళు సిగ్గుపడాల్సిన విషయం అయిపోయాయి.

ఇప్పుడు ఆంధ్ర ఏరియా లెక్క. నెల్లూరు వాళ్ళు కాస్త ఆగండి, మీది ఆర్కాట్ నవాబు ఖాతా. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉత్తర సర్కార్లు, 1760ల్లోనే కంపెనీ చేతికి వెళ్ళాయి, గుంటూరు మాత్రం 1788లో, గానీ ఊరికే కాదు, నిజాంకి ఏటా పేష్కష్, అంటే కప్పం లాంటిది, కట్టాలి, అది 7 లక్షలకి స్థిరపడింది. అంటే ఇంగ్లీషోళ్ళే నిజాంకి అద్దె కట్టే పార్టీ అన్నమాట. ఆ అద్దె ఎలా ఆగిపోయిందో చూడండి. ఇదే హెన్రీ రస్సెల్ 1811లో రెసిడెంట్ అయ్యాడు. నిజాం ఖర్చుతో ఇంగ్లీష్ ఆఫీసర్ల కింద ఇంకో సైన్యం పెంచాడు, దాని పేరే రస్సెల్ బ్రిగేడ్, ఒప్పందంలో అలాంటిది ఎక్కడా లేదు. జీతాలివ్వడానికి దివానం దగ్గర డబ్బు లేదు. రెసిడెన్సీ పక్కనే విలియం పామర్ కంపెనీ అని ఒక బ్యాంకు వెలిసింది, అప్పటి గవర్నర్ జనరల్ ఇంట్లో పెరిగిన అమ్మాయిని చేసుకున్నాయన అందులో భాగస్థుడు. వాళ్ళు నిజాంకి నూటికి 24 వడ్డీకి అప్పిచ్చారు. ఆ వడ్డీకి వడ్డీ పెరిగి కొండయింది. 1820లో మెట్‌కాఫ్ రెసిడెంట్‌గా వచ్చి లెక్కలు తీసి గోల చేస్తే చివరికి కంపెనీయే ముందుకొచ్చి, ఆ అప్పు మేం తీరుస్తాం, బదులుగా సర్కార్ల పేష్కష్ ఇక అడగొద్దు అంది. 1823లో కోటి పదహారు లక్షల చిల్లరకి ఆ ఏటా వచ్చే 7 లక్షలు శాశ్వతంగా చెల్లు. పదహారు పదిహేడేళ్ళ అద్దె ఒకేసారి ఇచ్చి ఇల్లే రాయించుకున్నట్టు. 1853లో ఇదే సైన్యం బాకీ పేరు చెప్పి బీరార్ (ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది) కూడా తీసుకున్నారు.

అందుకే నేను దర్బార్ హాల్లో నిలబడితే నాకు షాండ్లియర్ల కంటే ఆ టేబుళ్ళు గుర్తొస్తాయి, ఇప్పుడు లేవు, వాటి మీద పరిచిన కాగితాలు. సీడెడ్ సంతకం ఈ కొత్త బిల్డింగ్ లేవకముందే అయింది, సర్కార్ల లెక్క ఈ గోడల మధ్య తేలింది, నైజాం మొత్తం మిగిలిన నూట పాతికేళ్ళు ఇక్కడి నుంచి వచ్చే చీటీల మీద నడిచింది.

జనం ఇదంతా గమనించలేదనుకోవద్దు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కొన్ని వందల మంది రోహిల్లాలతో, అంటే పఠాన్ యోధులతో, ఈ రెసిడెన్సీ మీదికే వచ్చారు, నిజాం కోట మీదికి కాదు, పవర్ ఎక్కడుందో వీధిలో మనిషికి బాగా తెలుసు. దివాన్ సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి, తెల్లారేసరికి అయిపోయింది. అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపారు. తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని 1859లో తూప్రాన్ దగ్గర దొరికిపోయి చనిపోయాడు, శవాన్ని తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. ఎవరైనా ఎక్కువ చేస్తే "నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా" అంటాం కదా, ఆ తురుంఖాన్ ఈయనే అంటారు హైదరాబాద్‌లో. ఆ దాడి తర్వాతే కాంపౌండు గోడలు గట్టిపడ్డాయి, బురుజులు లేచాయి. ఇల్లుగా మొదలైంది కోటలా తయారైంది.

బయట బజారు సంగతి ఒక్క ముక్క. రెసిడెన్సీ చుట్టూ నిజాం చట్టం నడవదు, అందుకని సాహుకార్లు, వడ్డీ వ్యాపారులు అక్కడే చేరారు, 1933లో ఆ బజార్లు తిరిగి నిజాంకి ఇచ్చారు, ఇప్పటి సుల్తాన్ బజార్ అదే. రెసిడెంట్ ఇంటిని జనం కోఠి అన్నారు, పెద్ద బంగ్లా అని అర్థం, అదే ఏరియా పేరైపోయింది. ఊరి నుంచి కొత్తగా వచ్చినప్పుడు బస్సు బోర్డు మీద కోఠి అని చూసి కోటి రూపాయల కోటి అనుకున్నా నేను, సర్కార్ల లెక్క చూశాక అదీ తప్పేం కాదనిపిస్తోంది. బొల్లారంలో కూడా రెసిడెంట్‌కి ఇంకో బంగ్లా ఉండేది, అదిప్పుడు రాష్ట్రపతి నిలయం, రెండిటినీ కలిపేసి చెప్పేవాళ్ళున్నారు, జాగ్రత్త.

1949లో ఈ బంగ్లాలోకి ఉస్మానియా ఉమెన్స్ కాలేజీ వచ్చింది. ఒకప్పుడు ఒక ఆడమనిషి తన భర్త ఇంటి ముందు వైపు చూడలేదని కథ చెప్పుకునే చోట వేలమంది అమ్మాయిలు ఆ సింహాల పక్కన కూర్చుని నోట్సులు రాసుకున్నారు. తర్వాత యూనివర్సిటీ అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విస్నూరు దేశ్‌ముఖ్ తన పంట, తన భూమి తీసుకోబోతే ఇవ్వనని నిలబడ్డ ఐలమ్మ. కాగితాల మీద జిల్లాలకి జిల్లాలు చేతులు మారిన కాంపౌండుకి ఆమె పేరు.

టాక్ అయ్యాక ఆ పెద్దాయన, నేను గేటు దాకా కలిసి నడిచాం. మాది ప్రొద్దుటూరు అన్నా. ఆయనది తెనాలి. "అయితే మనిద్దర్నీ అమ్మేసింది ఇక్కడేగా" అన్నాడు, అని చాయ్ తాగుదామా అన్నాడు. డబ్బులు ఆయనే ఇచ్చాడు.